ఎలక్ట్రిక్ కారులో హైదరాబాద్ నుంచి వైజాగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి వైజాగ్ దాదాపు 620 కిలోమీటర్లు. విజయవాడ వరకు 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి 16వ నంబరు. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఈ దారిలో ఎలక్ట్రిక్ కారులోనే వెళ్లొస్తుంటాం. కొత్తగా బండి కొన్న చుట్టాలు, ఆఫీసు స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అందుకే ఒకచోట రాస్తున్నాను. లెక్కలన్నీ 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుకి, హైవే మీద నిండు ఛార్జింగ్‌తో 280 కిలోమీటర్లు వస్తాయనుకుని వేసినవి. ఇక్కడ యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిటే.

దారిలో ఎన్నిసార్లు ఆగాలి?

మేం మూడుసార్లు ఆగుతాం. ఇంటి దగ్గర 100 శాతం పెట్టుకుని తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరితే సూర్యాపేట 135 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి దాదాపు 50 శాతం ఉంటుంది. టిఫిన్ అయ్యేలోపు 80 దాటుతుంది. అక్కడి నుంచి విజయవాడ మరో 135. చేరేసరికి 30కి కాస్త అటూ ఇటూ. భోజనం చేసి, 85 శాతం అయ్యాక బయల్దేరితే రాజమండ్రికి 155 కిలోమీటర్లు, మళ్లీ 30 దగ్గరకు వస్తుంది. రాజమండ్రిలో మాత్రం 90 వరకు పెడతాం, ఎందుకంటే వైజాగ్ అక్కడి నుంచి ఇంకా 190 కిలోమీటర్లు. వైజాగ్ చేరేసరికి 20 శాతం పైన మిగులుతుంది.

ఆగే సమయం మొత్తం రెండు గంటలు, ఒక్కోసారి రెండున్నర. సాయంత్రం 5 తర్వాత వైజాగ్‌లో ఉంటాం. సూర్యాపేటలో ఆగకుండా నేరుగా విజయవాడ వెళ్లిపోవచ్చా అని చాలామంది అడుగుతారు. 270 కిలోమీటర్లు, ఏసీ, నలుగురు మనుషులు, సామాను. ఈ బ్యాటరీతో వద్దు. ఎదురుగాలి వచ్చినా, ఎక్కడైనా దారి మళ్లించినా విజయవాడకు ముందొచ్చే ఇబ్రహీంపట్నం దగ్గర చెమటలు పడతాయి.

కంపెనీ 489 కిలోమీటర్లు అని చెప్పింది కదా, మీరు 280 అంటున్నారేమిటి?

టాటా నెక్సాన్ ఈవీ 45 యూనిట్ల మోడల్‌కు 489 కిలోమీటర్లు అన్నది ప్రయోగశాలలో చేసే పరీక్ష లెక్క. ఆ పరీక్షలో సగటు వేగం చాలా తక్కువ. అదే కంపెనీ అసలు రోడ్డు మీద 350 నుంచి 375 దాకా రావచ్చని కూడా చెబుతోంది. అందులో ఊళ్లో తిరగడం కలిసి ఉంటుంది. ఊళ్లో బ్రేక్ వేసినప్పుడల్లా కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగి వస్తుంది. హైవే మీద బ్రేక్ వేసేదే తక్కువ, పైగా గాలిని చీల్చుకుంటూ పోవాలి.

గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో వెళ్లే బండి 100కి పెంచితే వేగం పెరిగేది నాలుగో వంతే, గాలి అడ్డు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మా బండి 80లో యూనిట్‌కి ఏడు కిలోమీటర్లకు పైగా ఇస్తుంది. 95 నుంచి 100లో వెళ్తే ఆరు దాటి కాస్త. 45ని ఆరుంబావుతో గుణిస్తే 280. నేను ప్లాన్ చేసేది ఆ 280 మీదే. మీ బండికీ కంపెనీ అంకె వదిలేసి ఈ గుణకారం చేయండి. రెండు వారాలు ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిపి, డాష్‌బోర్డు మీద యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు వస్తోందో చూసుకుంటే మీ అంకె మీకు దొరుకుతుంది.

ఏ యాప్‌లు పెట్టుకోవాలి?

టాటా పవర్ ఈజెడ్ ఛార్జ్, స్టాటిక్, ఛార్జ్‌జోన్, జియో-బీపీ పల్స్ వంటివి ఎవరి ఛార్జర్లకు వారివి. మీరు ఆగబోయే చోట్లను బట్టి మూడు నాలుగు చాలు. వీటితో పాటు ప్లగ్‌షేర్ తప్పనిసరిగా పెట్టుకోండి. అందులో అక్కడ ఛార్జ్ చేసినవాళ్లు రాసిపెట్టిన మాటలు, తేదీలతో సహా కనిపిస్తాయి.

ఖాతా తెరవడం, ఓటీపీ, వాలెట్‌లో డబ్బు వేయడం అన్నీ ఇంట్లో వైఫై ఉన్నప్పుడే పూర్తి చేయండి. ఒక్కో యాప్‌లో 500 రూపాయలు ఉంచితే చాలు. హైవే పక్కన సిగ్నల్ ఒక గీత ఉన్నచోట, ఎండలో నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడటం ఎంత విసుగో ఒకసారి చూస్తే చాలు.

వెళ్లాక ఛార్జర్ పనిచేయకపోతే?

ఈ మొత్తం ప్రయాణంలో అసలు ప్రశ్న ఇదే. రేంజ్ గురించి, అంటే ఒక ఛార్జింగ్‌తో ఎంత దూరం వస్తుందోనని అందరూ టెన్షన్ పడతారు గానీ, దారిలో నిజంగా ఇబ్బంది పెట్టేది పనిచేయని ఛార్జర్.

మా రెండో ప్రయాణంలో ఒక బంకు దగ్గరకు 11 శాతంతో చేరాం. యాప్‌లో పచ్చగా, ఖాళీగా ఉన్నట్టు చూపిస్తోంది. తీరా వెళ్తే తెర నల్లగా ఉంది. అక్కడి కుర్రాడు "రాత్రి ఉరుములకి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది సార్, లైన్‌మన్ వస్తానన్నాడు" అన్నాడు. తర్వాతి ఛార్జర్ 24 కిలోమీటర్లు. ఏసీ కట్టేసి, అద్దాలు కాస్త దించి, లారీల వరుసలో 50 దాటకుండా వెళ్లాం. వెనక సీట్లో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. 4 శాతంతో చేరాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: ఆగాలనుకున్న ఛార్జర్ దగ్గరకు చేరేసరికి, దాని తర్వాతి ఛార్జర్‌కి కూడా వెళ్లగలిగేంత బ్యాటరీ ఉండాలి. వీలైతే ఆ రెండోది వేరే కంపెనీది, వేరే ఊళ్లోది అయి ఉండాలి. ఒకే ఆవరణలో రెండు మెషీన్లు ఉంటే రెండు దారులు ఉన్నట్టు కాదు. కరెంటు పోతే రెండూ పోతాయి.

ముందే తెలుసుకోవాలంటే బయల్దేరే ముందు రోజు సాయంత్రం ప్లగ్‌షేర్‌లో ఆ స్టేషన్ మీద చివరిగా ఎవరు, ఎప్పుడు రాశారో చూడండి. గత రెండు మూడు రోజుల్లో ఎవరైనా ఛార్జ్ చేసి ఉంటే ధైర్యంగా వెళ్లొచ్చు. ఛార్జర్ హోటల్ ఆవరణలో ఉంటే హోటల్‌కి ఫోన్ చేసి "ఇవాళ కార్లు ఎవరైనా ఛార్జింగ్ పెట్టుకున్నారా అండీ?" అని అడగండి. "మెషీన్ బాగుందా?" అని అడిగితే చాలామంది బాగుందనే చెబుతారు. ఇవాళ ఎవరైనా పెట్టుకున్నారా అంటే ఆలోచించి చెబుతారు.

మెషీన్ మీద ఎర్రగా, పుట్టగొడుగులా ఉండే పెద్ద బటన్ ఒకటి ఉంటుంది. అది అత్యవసరంగా ఆపడానికి. పిల్లలో, తెలియనివాళ్లో దాన్ని నొక్కి వెళ్లిపోతే మెషీన్ పాడైనట్టే కనిపిస్తుంది. వెనుదిరిగే ముందు అదొకసారి చూడండి. లోపలికి నొక్కుకుపోయి ఉంటే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పి, బాణం గుర్తు చూపించే వైపు తిప్పితే బయటకు వస్తుంది. రెండు మూడు నిమిషాల్లో తెర వెలుగుతుంది. మాకు ఇలా రెండుసార్లు అయింది.

60 కిలోవాట్ అని రాసి ఉంది, నాకు 28 మాత్రమే వస్తోంది. ఎందుకు?

పక్కన ఇంకో బండి ఉందేమో చూడండి. రెండు గన్‌లు (బండికి తగిలించే ప్లగ్‌లు) ఉన్న 60 కిలోవాట్ మెషీన్ చాలాసార్లు రెండు బండ్లకు 30 చొప్పున పంచుతుంది. బండి ఏదీ లేకపోతే మీ బ్యాటరీ వేడెక్కి ఉండొచ్చు, లేదా ఇప్పటికే 80 దాటి ఉండొచ్చు. ఛార్జర్ ఎంత ఇవ్వగలదో, మీ బండి ఎంత తీసుకోగలదో, ఆ రెండింటిలో ఏది తక్కువో అదే వస్తుంది. 120 కిలోవాట్ మెషీన్‌కి తగిలించినంత మాత్రాన 60 తీసుకునే బండి 120 తీసుకోదు. అలాంటప్పుడు పక్కన చిన్న మెషీన్ ఖాళీగా ఉంటే దాన్నే వాడండి. పెద్ద బ్యాటరీ వాళ్లకు పెద్దది మిగులుతుంది.

కొన్ని పాత బంకుల్లో ఇంకా 15 కిలోవాట్ల పాత రకం మెషీన్లు కనిపిస్తాయి. వాటి గన్ ఇప్పటి కార్లకు పట్టదు. యాప్‌లో సీసీఎస్ 2 (ఇప్పటి కార్లకు పట్టే గన్ రకం) అని ఉన్నవే వెతకండి. ఎంజీ కామెట్ లాంటి చిన్న కార్లకు అసలు డీసీ ఫాస్ట్ ఛార్జింగే, అంటే ఇలాంటి పెద్ద మెషీన్లతో వేగంగా ఎక్కించుకునే వీలే లేదు. అది ఊళ్లో తిరగడానికి చక్కని బండి, ఈ దారికి కాదు.

దారిలో 100 శాతం వరకు పెడితే ఒక ఆగడం తగ్గుతుంది కదా?

తగ్గదు. 80 తర్వాత బ్యాటరీని కాపాడటానికి బండే వేగం తగ్గించేస్తుంది. 10 నుంచి 80కి పట్టినంత సమయం చివరి 20 శాతానికే పట్టొచ్చు. వెనక ఒకరు వెయిట్ చేస్తుంటే మరీ బాగుండదు. వాళ్లకీ ఊరు చేరాలని ఉంటుంది. ఇంటి దగ్గర రాత్రంతా పెట్టి 100 చేసుకోండి, అది వేరే సంగతి.

ఏసీ కట్టేయాలా?

అక్కర్లేదు. బండి చల్లబడ్డాక ఏసీ గంటకు ఒకటి, ఒకటిన్నర యూనిట్ తీసుకుంటుంది. వేగం 100 నుంచి 90కి తగ్గిస్తే దానికంటే ఎక్కువ ఆదా అవుతుంది. మే నెలలో సూర్యాపేట, కోదాడ మీదుగా ఏసీ లేకుండా పెద్దవాళ్లను తీసుకెళ్లడం ప్రమాదం కూడా. బయల్దేరే ముందు, ఇంకా ప్లగ్‌లో ఉండగానే ఏసీ వేసి బండిని చల్లబరచండి. ఆ కరెంటు గోడ నుంచి వస్తుంది.

సంక్రాంతికి ఇదే ప్లాన్ పనిచేస్తుందా?

పనిచేయదు. జనవరి 11 నుంచి 13 వరకు పంతంగి టోల్ గేట్ దగ్గర ఎలా ఉంటుందో ఈ దారిలో వెళ్లే అందరికీ తెలుసు. ట్రాఫిక్‌లో నిలబడితే ఛార్జింగ్ అయిపోతుందని భయపడతారు గానీ, నిజానికి నిలబడ్డ ఎలక్ట్రిక్ బండి ఖర్చు పెట్టేది ఏసీకి మాత్రమే. మూడు గంటలు ఇరుక్కుపోయినా 45 యూనిట్ల బ్యాటరీలో పది శాతానికి మించి పోదు. మెల్లగా కదిలే ట్రాఫిక్‌లో కిలోమీటర్లు ఎక్కువే వస్తాయి.

అసలు బాధ ఛార్జర్ల దగ్గర క్యూ. నాలుగు బండ్లు ముందుంటే, ఒక్కొక్కరికి 40 నిమిషాలు, రెండు గన్‌లు ఉన్నా గంటకు పైగా పడుతుంది. మేం పండక్కి రెండు మార్పులు చేస్తాం. ఒకటి, రాత్రి 2 గంటలకు బయల్దేరి, విజయవాడ వైపు వెళ్లే గుంపు రాకముందే సూర్యాపేట దాటేస్తాం. రెండు, అందరూ ఆగే పెద్ద హోటళ్ల దగ్గర కాకుండా ఊరి లోపల ఉన్న ఛార్జర్ వెతుక్కుంటాం. హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే చాలాసార్లు ఖాళీగా దొరుకుతుంది. క్యూలో ఉన్నప్పుడు మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి అద్దం దగ్గర పెట్టండి. ఛార్జింగ్ అవుతుండగా భోజనానికి వెళ్లినా ఫోన్ వస్తే వెంటనే వచ్చి తీయొచ్చు. 80 కాగానే తీసేయండి, పండగ రోజుల్లో ఇది మర్యాద.

ఊళ్లో ఇంటి దగ్గర మామూలు ప్లగ్‌లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఏసీకో గీజర్‌కో పెట్టే 15 యాంపియర్ల పెద్ద ప్లగ్ కావాలి. బండితో ఇచ్చిన ఛార్జర్ గంటకు మూడు యూనిట్లు ఎక్కిస్తుంది. రాత్రి 9 నుంచి పొద్దున 7 వరకు పెడితే 30 యూనిట్లు, అంటే మరో 180 కిలోమీటర్లు. అయితే పాత ఇళ్లలో ఎర్తింగ్ చూసుకోవాలి.

రావులపాలెం నుంచి లోపలికి 15 కిలోమీటర్లు వెళ్తే మా అమ్మమ్మగారి ఊరు. మొదటిసారి అక్కడ వసారాలో ప్లగ్ పెట్టగానే ఛార్జర్ డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది, బండి ఛార్జింగ్ తీసుకోలేదు. వీధిలోని ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పి చూశాడు. మూడు కన్నాలూ ఉన్నాయి, పై కన్నం వెనక వైరే లేదు. "ఎర్త్ ఇవ్వలేదండీ, ఫ్యాను తిరుగుతుంది గానీ మీ బండి ఒప్పుకోదండీ" అన్నాడు. మీటరు దగ్గరి నుంచి పచ్చ వైరు లాగి తగిలించినా ఎర్ర లైటు పోలేదు. పెరట్లో నూతి పక్కన ఎర్త్ గొయ్యి ఉంది. వేసవి, మట్టి బీటలు తీసి ఉంది. అమ్మమ్మ రెండు బిందెల నీళ్లు తెచ్చి పోయమంది, ఇంట్లో మోటారు షాక్ కొడితే తాతయ్య అదే చేసేవారట. నీళ్లు ఇంకాయి, పది నిమిషాలకు లైటు పచ్చగా మారింది. ఎండిన మట్టిలో కరెంటు దిగదు, తడిస్తే దిగుతుంది.

నీళ్లు పోయడం ఆ రాత్రికి గడవడానికి మాత్రమే. ఉప్పు, బొగ్గు వేసి గొయ్యి సరిగ్గా కట్టించండి, ఇంట్లో వాళ్లందరికీ మంచిది. ఎర్త్ లేకపోయినా పనిచేసేలా చిన్న అడాప్టర్లు అమ్ముతారు. దయచేసి వాడొద్దు, ఆ లైటు ఎర్రగా వెలిగేది మీ ప్రాణం కోసమే. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు కూడా వద్దు, గంటల తరబడి అంత లోడ్ లాగితే కరిగిపోతుంది. పెట్టిన అరగంటకు ప్లగ్‌ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేయండి.

వర్షంలో ఛార్జింగ్ పెట్టొచ్చా? నీళ్లలోంచి వెళ్లొచ్చా?

ఛార్జింగ్ పెట్టొచ్చు. గన్ బండికి సరిగ్గా కూర్చుని, రెండూ మాట్లాడుకున్నాకే కరెంటు వదులుతుంది. గన్ లోపల నీళ్లు నిలిచి ఉంటే దులిపి పెట్టండి.

నీళ్లలోంచి మాత్రం వెళ్లొద్దు. బ్యాటరీకి ఐపీ 67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చేసిన పరీక్ష. అది నిలిచిన నీళ్లకు, పారే నీళ్లకు కాదు. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదే నీళ్లు పారాయి, రాకపోకలు ఆగిపోయాయి. వానాకాలంలో ఆ వార్తలు చూసుకుని బయల్దేరండి. దారి మళ్లిస్తే 60, 70 కిలోమీటర్లు అదనం అవుతుంది, ఆ దారిలో ఛార్జర్లు తక్కువ. ముసురు రోజుల్లో మేం సూర్యాపేటలో 80తో సరిపెట్టుకోం, 95 వరకు ఉంటాం.

వైజాగ్ నుంచి అరకు వెళ్లగలమా? శ్రీశైలం ఘాట్ సంగతేంటి?

అరకు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, వైజాగ్ నుంచి 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మనుషులతో కలిపి 1,900 కిలోల బండిని అంత ఎత్తుకు ఎక్కించడానికి నాలుగున్నర యూనిట్లకు పైగా కావాలి. అంటే మామూలు ఖర్చు కాక బ్యాటరీలో మరో పది శాతం. దిగేటప్పుడు అందులో సగం పైనే వెనక్కి వస్తుంది. అనంతగిరి ఘాట్ దిగుతుంటే శాతం తగ్గకపోగా ఒకటి రెండు పెరగడం చూస్తే పిల్లలకు భలే సరదా. ఒక్క జాగ్రత్త: కొండ మీద 100 శాతం పెట్టి దిగొద్దు. నిండిన బ్యాటరీలోకి కరెంటు వెళ్లే చోటు ఉండదు, బండిని ఆపే పనంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది.

శ్రీశైలం కష్టమైన దారి. హైదరాబాద్ నుంచి 215 కిలోమీటర్లు, చివర్లో అమ్రాబాద్ పులుల అడవి. మన్ననూరు దాటాక దారిలో ఛార్జర్ మీద ఆశ పెట్టుకోవద్దు. అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు. అడవిలోకి వెళ్లకముందే చివరి ఊళ్లో నింపుకోండి. కొండ మీద మీరు దిగే సత్రంలో ప్లగ్ ఇస్తారో లేదో గది తీసుకునేటప్పుడే అడగండి.

గన్ ఊడి రావట్లేదు, ఏం చేయాలి?

బలంగా లాగొద్దు. బండి లాక్ అయి ఉంటే గన్ కూడా లాక్ అవుతుంది. అన్‌లాక్ చేసి, గన్‌ని ఒకసారి లోపలికి నెట్టి, అప్పుడు లాగండి. అయినా రాకపోతే చేత్తో విడిపించే చిన్న తాడు చాలా బండ్లలో ఉంటుంది. అది ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి ఫొటో తీసి పెట్టుకోండి.

ఖర్చు ఎంత అవుతుంది?

620 కిలోమీటర్లకు దాదాపు 100 యూనిట్లు. ఇంట్లో నింపుకున్న 45కి 450 రూపాయల లోపు. దారిలో 65 యూనిట్ల దాకా ఎక్కించుకుంటాం. 18 శాతం జీఎస్టీ కలిపి యూనిట్ 20 నుంచి 25 రూపాయలు పడుతుంది కాబట్టి 1,300 నుంచి 1,600. మొత్తం రెండు వేలు. లీటరుకి 15 ఇచ్చే పెట్రోలు కారుకి ఇదే దారికి 4,400 పైన అవుతుంది. ఇంట్లో ఛార్జింగ్ లేకుండా అన్నిచోట్లా ఫాస్ట్ ఛార్జింగే అయితే ఇంత తేడా ఉండదు.

టోల్ మినహాయింపు ఉందా?

ఈ రెండు హైవేల మీద లేదు. పచ్చ నంబరు ప్లేటు ఉన్నా ఫాస్టాగ్ ఉండాల్సిందే.

దారిలో పూర్తిగా అయిపోతే?

బండి పక్కకు తీసి, లైట్లు వేసి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేయండి. బండిని మొత్తంగా పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలని గట్టిగా చెప్పండి. తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగించొద్దు, చక్రాలతో పాటు మోటారు తిరిగి కరెంటు పుట్టి లోపలి భాగాలు దెబ్బతింటాయి. బ్యాటరీ నిండుగా ఉన్నా బండి అసలు ఆన్ కాకపోతే చిన్న 12 వోల్టుల బ్యాటరీ చనిపోయి ఉంటుంది. మూడేళ్లు దాటితే ప్రయాణానికి ముందు దాన్ని చూపించుకోండి.

పెద్దవాళ్లతో వెళ్తే ఇన్నిసార్లు ఆగడం ఇబ్బంది కాదా?

మా నాన్నకు మోకాళ్ల నొప్పులు, షుగర్. పెట్రోలు కారులో "ఇంకో గంట, విజయవాడలో ఆగుదాం" అంటూ లాక్కెళ్లేవాణ్ణి. ఆయన కూడా అడిగేవారు కాదు. ఇప్పుడు రెండు మూడు గంటలకోసారి బండే ఆపుతోంది, ఆయన దిగి పావుగంట నడుస్తున్నారు. ఛార్జర్ ఎంచుకునేటప్పుడు ముందు చూసేది కిలోవాట్లు కాదు, శుభ్రమైన బాత్రూమ్, కూర్చునే నీడ, ర్యాంప్. రాత్రి వేళ అయితే దీపాలు, మనుషులు ఉన్న చోటు. బంకు వెనక చీకట్లో ఉన్న ఛార్జర్ దగ్గర ఆడవాళ్లను ముప్పావుగంట కూర్చోబెట్టడం మంచిది కాదు.

వైజాగ్‌లో వారం ఉంటే బండి ఎలా ఉంచాలి?

50, 60 శాతంలో నీడన ఉంచండి, 100లో వదిలేయొద్దు. వారానికి ఒకటి రెండు శాతం తగ్గితే కంగారు పడక్కర్లేదు. బయల్దేరే ముందు రోజు రాత్రి మళ్లీ ప్లగ్ పెట్టి, టైర్లలో గాలి చూసుకుని, ప్లగ్‌షేర్‌లో ఈసారి రాజమండ్రి నుంచి మొదలుపెట్టి ఒక్కో స్టేషన్ మీద చివరి తేదీ చూసుకోండి. వచ్చేటప్పుడు బాగున్న ఛార్జర్ వారం తర్వాత కూడా బాగుంటుందని అనుకోవద్దు.